క్లచ్ మార్చిన తరువాత తలెత్తే కొత్త ఇబ్బందులు
(సొంత చేతులతో మరమ్మతు చేసుకొన్న చిన్న సరకు వాహనదారుల కోసం)

మదనపల్లె, కోలారు వైపుల నుంచి టమాటా, హోసూరు వైపు నుంచి పూలు, నగరం లోపల ఇటుక, ఇసుక, ఇంటి సామాను మోసే చిన్న ట్రక్కులలో ఎన్నిటికో యజమానీ, డ్రైవరూ, మెకానిక్కూ ఒక్కరే. బండి మీద నెలనెలా వాయిదా కట్టవలసి ఉండగా క్లచ్ అరిగిపోతే, జె.సి. రోడ్డుకు పోయి సామాను కొనుక్కొని, బావమరిదినో పొరుగు డ్రైవరునో తోడు పెట్టుకొని, ఆదివారం నాడు ఇంటి ముందే గేరుబాక్సు దింపి పని ముగించుకోవడం మన బెంగళూరు పేటలలో కొత్త కాదు. అందులో తప్పేమీ లేదు. పనివాడి కూలి మిగులుతుంది, బండి లోపలి సంగతి తెలుస్తుంది. చిక్కు సోమవారం తెల్లవారుజామున మొదలవుతుంది. నిన్నటి దాకా జారిన క్లచ్ ఇప్పుడు జారదు గాని గేరు పడదు. లేదా గేరు పడుతుంది గాని బండి కదిలేటప్పుడు వణుకుతుంది. లేదా తాళం తిప్పితే ఇంజనే పలకదు. సరకు ఎక్కించుకొనే వేళ దగ్గర పడుతూ ఉంటుంది. అప్పుడు తొందరపడి గేరుబాక్సును మళ్లీ దింపడమే చాలామంది చేసే పని. చాలా సందర్భాలలో అది అనవసరం.

క్లచ్ ఎలా మార్చాలో ఈ వ్యాసం చెప్పదు. మార్చిన తరువాత, అంతకుముందు లేని ఇబ్బంది కనిపించినప్పుడు, దేని తరువాత దేనిని చూడాలో చెబుతుంది. దీనికి ఆధారం ఒక్కటే సూత్రం: కొత్తగా వచ్చిన దోషాన్ని మొదట మన చెయ్యి తగిలిన చోటనే వెదకాలి. క్లచ్ మార్చడానికి ఎన్ని విప్పామో, ఎన్ని తీగలు ఊడదీశామో, ఎన్ని బోల్టులు బిగించామో గుర్తు తెచ్చుకొని కాగితం మీద రాసుకొంటే సగం వెదుకులాట అక్కడే తీరుతుంది.

“పట్టడం లేదు” అంటే ఏమిటి?

యంత్రం సంగతికి ముందు మాట సంగతి ఒకటి చెప్పవలసి ఉంది. నిరుడు వార్డు సహాయ కేంద్రంలో దుబాసీగా కూర్చొన్న రోజులలో, కదిరి ప్రాంతం నుంచి వచ్చి పదేళ్లుగా ఇక్కడ తరకారీల బండి నడుపుతున్న ఒకాయన తన గోడు చెప్పుకొన్నాడు. ఆయన క్లచ్ తానే మార్చుకొన్నాడు. గేరు సరిగా పడకపోతే దగ్గరి మెకానిక్కును పిలిచి “క్లచ్ పట్టడం లేదు” అన్నాడు. మెకానిక్కు కన్నడిగుడు. ప్లేటుకు పట్టు చాలక జారుతున్నదని ఆయన అర్థం చేసుకొని గేరుబాక్సు దింపించాడు. ప్లేటు నిక్షేపంగా ఉంది. అసలు దోషం పైపులోని గాలి. పది నిమిషాల పని. పోయినవి రెండు రోజుల బాడుగలు, ఒక రోజు కూలి.

తెలుగులో “పట్టడం లేదు” అనే మాట రెండు విరుద్ధమైన దోషాలకు చెల్లుతుంది. ప్లేటు పట్టు తప్పి జారినా అదే అంటాము; పెడలు తొక్కినా పని జరగకపోతే కూడా అదే అంటాము. మెకానిక్కుతో మాట్లాడేటప్పుడు ఈ మాటను విడిచిపెట్టడం మంచిది. “జారుతోంది” అంటే ఒక దోషం. “విడవడం లేదు” అంటే రెండవ దోషం. “గేరు పడటం లేదు” అన్నది ఏ భాషలోనైనా తేటగా తెలిసే మాట: కన్నడిగులు “గేర్ బీళ్తిల్ల” అంటారు, తమిళులు “గేర్ విళల” అంటారు. మూడింటిలోనూ గేరు పడేదే. మన భాషల చుట్టరికం ఇటువంటి చోట అక్కరకు వస్తుంది.

రెండు దోషాల భేదం గ్రహించడానికి క్లచ్ పనితీరు కొంత తెలిస్తే చాలు. ఇంజను వెనుక ఫ్లైవీలు తిరుగుతూ ఉంటుంది. దానికి ప్రెషర్ ప్లేటును బోల్టులతో బిగిస్తారు. ఆ రెండిటి నడుమ క్లచ్ ప్లేటు ఉంటుంది. పెడలు వదిలి ఉన్నప్పుడు స్ప్రింగు బలం క్లచ్ ప్లేటును ఫ్లైవీలుకు అదిమి పట్టి ఇంజను శక్తిని గేరుబాక్సుకు అందిస్తుంది. పెడలు తొక్కినప్పుడు రిలీజ్ బేరింగు ముందుకు జరిగి స్ప్రింగు వేళ్లను నొక్కుతుంది, పట్టు సడలుతుంది, ప్లేటు ఒంటరిగా నిలుస్తుంది. అప్పుడు ప్లేటుకు ఇరువైపులా ఏర్పడే ఎడం గోటి మందమంత. ఇంత చిన్న ఎడం మీద ఆధారపడిన యంత్రంలో, పెడలు కదలికలో ఏ కొంచెం నష్టం వచ్చినా ప్లేటు పూర్తిగా విడవదు. క్లచ్ మార్చిన వెంటనే వచ్చే ఫిర్యాదులలో గేరు పడకపోవడమే ముందు నిలవడానికి కారణం ఇదే.

గేరు పడనప్పుడు

ఇంజను ఆపి ఉంచి గేర్లన్నీ వరుసగా వేసి చూడండి. ఆపినప్పుడు సులువుగా పడుతూ, ఇంజను నడుస్తున్నప్పుడు పడకపోతే, ముఖ్యంగా రివర్సు గేరు గరగరమంటే, క్లచ్ విడవడం లేదని నిర్ధారించుకోవచ్చు. ఇంజను ఆపినా గేరు పడకపోతే క్లచ్‌ను వదిలి గేరు రాడ్లనో కేబుళ్లనో చూడాలి. గేరుబాక్సు ఎక్కించేటప్పుడు అవి తారుమారుగా తగిలించి ఉండవచ్చు, లేదా ఒక పిన్ను పెట్టడం మరచి ఉండవచ్చు.

క్లచ్ విడవడం లేదని తేలితే పెడలును చేతితో నొక్కి చూడండి. మీ బండిలో కేబులు ఉందా, ఆయిలు పైపు ఉందా అన్నదాన్ని బట్టి తరువాతి దారి మారుతుంది.

కేబులు ఉన్న బండిలో ఒక విషయం చాలామందికి వింతగా తోస్తుంది. పాత ప్లేటు అరిగేకొద్దీ స్ప్రింగు వేళ్లు గేరుబాక్సు వైపు జరుగుతూ వస్తాయి. వాటితోపాటు పెడలులోని వదులు తగ్గిపోతుంది. దానిని సరిచేయడానికి మనం ఏళ్ల తరబడి కేబులును కొద్దికొద్దిగా సడలిస్తూ వచ్చి ఉంటాము. కొత్త ప్లేటు మందంగా ఉంటుంది కనుక వేళ్లు మళ్లీ ఇంజను వైపు వెనుదిరుగుతాయి. కేబులు మాత్రం పాత అమరిక మీదనే ఉంటుంది. ఫలితంగా పెడలు ప్రయాణంలో చాలా భాగం వదులులోనే వ్యర్థమవుతుంది, ప్లేటు విడవదు. కేబులు చివరి నట్టును తిప్పి, బండి పుస్తకంలో చెప్పిన కొలత మేరకు వదులు ఉంచితే అదే తీరుతుంది. అయితే గేరు పడింది కదా అని మరింత బిగించకూడదు. వదులు బొత్తిగా లేకపోతే రిలీజ్ బేరింగు ఎప్పుడూ వేళ్లను తాకుతూ తిరిగి త్వరగా పాడవుతుంది. పట్టు సడలి కొత్త ప్లేటు జారడం మొదలవుతుంది.

ఆయిలు పైపు ఉన్న బండిలో పెడలు మెత్తగా, దూది నొక్కినట్లు ఉండి, రెండు మూడు సార్లు గబగబా తొక్కితే గట్టిపడి గేరు పడుతున్నట్లయితే లోపల గాలి చేరింది. గేరుబాక్సు దింపేటప్పుడు స్లేవ్ సిలిండరును విప్పి వేలాడదీస్తే, లేదా పైపు ఊడదీస్తే గాలి చేరక మానదు. గాలి తీయడానికి ఇద్దరు కావాలి. స్లేవ్ సిలిండరు మీది నిప్పులుకు పారదర్శకమైన గొట్టం తొడిగి, రెండవ కొనను కొంత ఆయిలు పోసిన సీసాలో ముంచాలి. ఒకరు పెడలును పూర్తిగా తొక్కి పట్టుకోవాలి. మరొకరు నిప్పులు వదులు చేసి, బుడగలు వెలువడగానే బిగించాలి. బిగించిన తరువాతనే పెడలు వదలాలి. ఈ వరుస తప్పితే బయటికి పోయిన గాలి తిరిగి లోపలికి వస్తుంది. పై డబ్బాలో ఆయిలు అడుగంటకుండా మధ్యమధ్య పోస్తూ ఉండాలి. బుడగలు ఆగిన తరువాత కూడా నాలుగైదు సార్లు చేస్తే మంచిది.

ఇక్కడ ఒక గట్టి హెచ్చరిక. ఆ డబ్బాలో పోయవలసినది బ్రేకు ఆయిలు మాత్రమే, అదీ డబ్బా మూత మీద రాసి ఉన్న రకం, సాధారణంగా డాట్ 3 గాని డాట్ 4 గాని. చేతికి దొరికిందని ఇంజను ఆయిలు పోస్తే లోపలి రబ్బరు వాషర్లు ఉబ్బి పనికి రాకుండా పోతాయి. కొన్ని వాహనాలలో బ్రేకుకూ క్లచ్‌కూ ఒక్కటే డబ్బా. అటువంటి బండిలో ఈ పొరపాటు క్లచ్‌తో ఆగదు, బ్రేకులను కూడా చెరుపుతుంది. పొరపాటున పోసి ఉంటే బండిని ఒక్క అడుగు కూడా నడపకుండా అనుభవజ్ఞుని పిలిపించండి.

గాలి తీసిన తరువాత పెడలు గట్టిగానే ఉండి, తొక్కి పట్టుకొన్నకొద్దీ మెల్లగా కిందికి దిగిపోతూ ఉంటే మాస్టర్ సిలిండరు లోపల వాషరు దెబ్బతిన్నదని గుర్తు. స్లేవ్ సిలిండరు దుమ్ము తొడుగు కింద తడి కనిపిస్తే అది కారుతున్నది. “నిన్నటి దాకా కారని సిలిండరు ప్లేటు మార్చగానే ఎందుకు కారింది?” అని దుకాణదారు మీద కోపగించుకొన్నవారిని చూశాను. కారణం సామానులో లేదు. అరిగిన ప్లేటుతో పనిచేసినన్నాళ్లూ సిలిండరు లోపలి పిస్టను ఒక చోట ఆడుతూ ఉండింది. కొత్త ప్లేటు వేయగానే దాని స్థానం మారింది. ఏళ్లుగా రబ్బరు తాకని, తుప్పో మడ్డో పేరుకొన్న గోడ మీద ఇప్పుడు అది రాసుకొంటున్నది. అందువల్ల పాత బండిలో క్లచ్ మార్చేటప్పుడే స్లేవ్ సిలిండరు వాషర్లు కూడా మార్చడం నా దృష్టిలో వృథా ఖర్చు కాదు.

పెద్ద లారీలలో క్లచ్‌కు గాలి ఒత్తిడి సాయం కూడా ఉంటుంది. వాటిలో పెడలు ఒక్కసారిగా బరువెక్కితే గాలి పైపు తగిలించారా, తొక్కినప్పుడు ఎక్కడైనా బుసమంటున్నదా అని చూడాలి.

పైవన్నీ సరిగా ఉండి కూడా ప్లేటు విడవకపోతే అప్పుడే లోపలి దోషాన్ని అనుమానించాలి. లోపల జరగగలిగిన పొరపాట్లు కొన్నే. మొదటిది ప్లేటును తిరగేసి బిగించడం. ప్లేటు నడుమ స్ప్రింగులు ఉన్న భాగం ఒకవైపు ఎత్తుగా ఉంటుంది. చాలా బండ్లలో అది గేరుబాక్సు వైపు ఉండాలి. ఏ వైపు ఎటు ఉండాలో సాధారణంగా ప్లేటు మీదనే ముద్రించి ఉంటుంది. తిరగబడితే ఆ ఎత్తు భాగం ఫ్లైవీలు బోల్టులకు తగిలి ప్లేటు విడవదు, కొన్నిసార్లు ఇనుము గీకిన చప్పుడు కూడా వస్తుంది. రెండవది, గేరుబాక్సును ఎక్కించేటప్పుడు దాని బరువంతా ప్లేటు నడిబొడ్డు మీద వేలాడనివ్వడం. షాఫ్టు కొన మాత్రం లోపలికి దూరి, వెనుక భాగం దిగజారి, “జాకీ తెస్తాను, పట్టుకో” అని తోటివాడు వెళ్లిన ఆ రెండు నిమిషాలలో ప్లేటు వంగిపోతుంది. కంటికి కనిపించనంత వంకర అయినా గోటి మందం ఎడాన్ని అది మింగివేస్తుంది. మూడవది, హౌసింగు ఇంజనుకు పూర్తిగా ఆనకముందే బోల్టులతో లాగి బిగించడం. చేతితో తోస్తే ఆనని హౌసింగును బోల్టుతో లాగరాదు. షాఫ్టు పళ్లు ప్లేటు పళ్లలో కూర్చోలేదని దాని అర్థం. లాగితే హౌసింగు చెవి విరగవచ్చు. స్థానం చూపే గుర్తు పిన్నులు పడిపోయి ఉంటే, అవి లేకుండా బిగించిన గేరుబాక్సు వెంట్రుక వాసి పక్కకు ఉండి నానా బాధలు తెస్తుంది. నాలుగవది, ఫ్లైవీలు నడుమ ఉండే చిన్న పైలట్ బేరింగు బిగుసుకొనిపోవడం. అప్పుడు ప్లేటు విడిచినా ఇంజను షాఫ్టు ఆ బేరింగు ద్వారానే గేరుబాక్సు షాఫ్టును తిప్పుతూ ఉంటుంది. వెల తక్కువ గనుక ఎవరూ దానిని పట్టించుకోరు. మార్చకుండా వదిలినందుకు గేరుబాక్సునంతటినీ మళ్లీ దింపవలసి వస్తుంది.

కొత్త ప్లేటు జారడం, వణకడం

ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను చప్పుడు పెరిగి వేగం పెరగకపోతే ప్లేటు జారుతున్నది. పరీక్షించాలనుకొంటే సమతలమైన ఖాళీ చోట, చక్రాలకు అడ్డు రాళ్లు పెట్టి, చేతి బ్రేకు వేసి, ముందూ వెనుకా ఎవరూ లేకుండా చూసి, పై గేరు వేసి పెడలును నెమ్మదిగా వదలండి. పట్టు బాగుంటే ఇంజను ఆగిపోతుంది. ఆగకుండా నడుస్తూనే ఉంటే వెంటనే పెడలు తొక్కి ఆపివేయండి. ఈ పరీక్ష ఒక్కసారి చాలు. పదే పదే చేస్తే మంచి ప్లేటు కూడా కాలిపోతుంది.

మొదటి ఒకటి రెండు రోజులు తేలికపాటి వాసన రావడం భయపడదగినది కాదు. కొత్త ప్లేటు, ఫ్లైవీలు ఒకదానితో ఒకటి అమరడానికి కొన్ని వందల కిలోమీటర్లు పడుతుంది. ఆ కాలంలో అధిక భారం వేయకుండా, పెడలు మీద కాలు ఆనించి నడపకుండా ఉండాలి. కానీ వాసన రోజురోజుకూ పెరుగుతూ, జారడం కూడా ఉంటే మొదట పెడలులో వదులు ఉందో లేదో చూడండి. వదులు ఉండి కూడా జారుతుంటే ప్లేటు మీద జిడ్డు చేరి ఉండాలి. ఆ జిడ్డు మూడు దారులలో వస్తుంది. కొత్త ప్రెషర్ ప్లేటుకు తుప్పు పట్టకుండా పూసిన నూనెను తుడవకుండా బిగించి ఉండవచ్చు. షాఫ్టు పళ్లకు గ్రీజు ఎక్కువ పూస్తే అది తిరుగుడు వేగానికి చిమ్మి ప్లేటు మీద పడుతుంది. పలుచగా పూసి మిగిలినది తుడిచివేయడం పద్ధతి, బొత్తిగా పూయకపోవడమూ తప్పే. ఇంజను వెనుక సీలు గాని గేరుబాక్సు ముందు సీలు గాని కారుతూ ఉండవచ్చు. ఈ మూడవ సందర్భంలో ఎన్ని కొత్త ప్లేట్లు వేసినా దండుగే, ముందు సీలు మార్చాలి. హౌసింగు అడుగున ఆయిలు చుక్కలు ఉన్నాయేమో చూస్తే తెలుస్తుంది.

బండి కదిలేటప్పుడు మాత్రమే వణికి, కదిలిన తరువాత సర్దుకొంటే దానికీ జిడ్డే తరచు కారణం. లేదా ఫ్లైవీలు ముఖం మీద నీలి మచ్చలు, సన్నని పగుళ్లు ఉండగా లేతు పట్టించకుండా అలాగే కొత్త ప్లేటు వేసి ఉండవచ్చు. ప్రెషర్ ప్లేటు బోల్టులను ఎదురెదురుగా, కొద్దికొద్దిగా బిగించక, ఒక్కొక్కటి పూర్తిగా బిగించుకొంటూ పోయినా ఆ ప్లేటు వంకర పోతుంది. ఇవి లోపలి సంగతులు. కానీ గేరుబాక్సు కింది రబ్బరు దిమ్మల బోల్టులు వదులుగా ఉన్నా సరిగ్గా ఇదే వణుకు వస్తుంది. అది పానా ఒక్కటి తీసుకొని కింద పడుకొని చూడగల సంగతి. ముందు అది చూడండి.

వణుకు వేగంతో పాటు పెరిగితే దానికి క్లచ్‌తో సంబంధం లేదు. గేరుబాక్సు దింపడానికి ప్రొపెల్లరు షాఫ్టు ఊడదీసి ఉంటారు. దాని రెండు కొనల జాయింట్లూ ఒకే వరుసలో ఉండాలి; అందుకే విప్పేముందు సుద్దతోనో సన్నని ఉలితోనో గుర్తు పెట్టుకొనడం ఆచారం. గుర్తు లేకుండా విప్పి అటూ ఇటూ తగిలిస్తే ఖాళీ బండి కూడా నలభై, యాభై వేగంలో గజగజలాడుతుంది. బండి నిలిపి న్యూట్రల్‌లో ఉంచి ఇంజను వేగం పెంచినప్పుడే వణుకు వస్తే మాత్రం ఫ్లైవీలు మీది ప్రెషర్ ప్లేటు తూకం తప్పిందని, లేదా దాని బోల్టులలో ఒకటి వదులైందని అనుమానించాలి. అది ప్రమాదకరం, బండి ఆపివేయండి.

చప్పుళ్లను గుర్తించడం

చప్పుడు ఎప్పుడు వస్తున్నదో, ఎప్పుడు ఆగుతున్నదో గమనిస్తే పేరు తెలిసిపోతుంది. న్యూట్రల్‌లో పెడలు వదిలి ఉన్నప్పుడు వచ్చి, తొక్కగానే ఆగితే అది గేరుబాక్సు ముందు బేరింగు. క్లచ్ మార్చడం వల్ల వచ్చినది కాదు, అప్పటికే ఉండి ఇప్పుడు మీ చెవి పట్టుకొన్నది. కాలు ఆనించగానే మొదలై, తొక్కేకొద్దీ పెరిగితే రిలీజ్ బేరింగు. పూర్తిగా తొక్కి, గేరు వేసి, బండి నిలిచి ఉన్నప్పుడు మాత్రమే సన్నగా కూసినట్లు వినిపిస్తే పైలట్ బేరింగు. పెడలు తొక్కినప్పుడల్లా కీచుమంటే, చాలాసార్లు పెడలు ఇరుసుకో ఫోర్కు ఆనికకో గ్రీజు లేదు, అంతే.

బయట వచ్చే గడగడలు వేరు. సైలెన్సరు పైపు బోల్టులు సగం బిగించి వదిలినా గేరుబాక్సే పగిలిందేమో అన్నంత చప్పుడు వస్తుంది. దానిని ఉపేక్షించకూడదు, ఆ పొగ క్యాబిన్ లోపలికి చేరుతుంది.

ఇంజను పలకకపోవడం

ఇది అందరినీ హడలగొట్టే దోషం, తరచుగా అన్నిటికన్నా తేలికైనది. తాళం తిప్పితే టక్కుమని ఊరుకొన్నా, దీపాలు మసకబారినా గేరుబాక్సుకూ చట్రానికీ మధ్య ఉండే ఎర్తు పట్టీని తిరిగి బిగించారా అని చూడండి. సెల్ఫ్ మోటారు కర్ణకఠోరంగా గీకితే దాని బోల్టులు వదులుగా ఉన్నాయి, లేదా దానికీ హౌసింగుకూ మధ్య మట్టి ఇరుక్కొన్నది. సెల్ఫ్ బాగా తిరుగుతూ ఇంజను మాత్రం అందుకోకపోతే, కొత్త తరం బండ్లలో హౌసింగు దగ్గర ఫ్లైవీలును చదివే సెన్సరు ఒకటి ఉంటుంది; దాని ప్లగ్గు పెట్టడం మరచి ఉంటారు, లేదా గేరుబాక్సు తగిలి సెన్సరు చితికి ఉంటుంది. రివర్సు దీపం వెలగకపోవడం, మీటరు ముల్లు కదలకపోవడం కూడా ఈ కోవలోనివే. ఇవి చిన్నవని వదిలివేయకండి. రివర్సు దీపం లేని సరకు బండి మన ఇరుకు సందులలో వెనక్కి వస్తే దాని వెనుక ఆడుకొనే పిల్లలకు అది తెలియదు.

మరొకటి. కొన్ని బండ్లలో షాఫ్టు ఊడదీయగానే గేరుబాక్సు వెనుక నుంచి ఆయిలు కారిపోతుంది. కారినంత తిరిగి పోయకపోతే వెంటనే ఏమీ తెలియదు. కొన్ని వారాల తరువాత గేరుబాక్సే పోతుంది. సమతల నేల మీద బండి నిలిపి, పక్కనున్న లెవెలు బిరడా తీస్తే ఆయిలు రంధ్రం అంచు దాకా ఉండాలి.

ఎప్పుడు నడపకూడదు

గేరు కష్టంగా పడినా ఎలాగో వేసుకొని ఈ పూట బాడుగ ముగిద్దామనుకోవడం సహజం. అయినా మూడు సందర్భాలలో బండి తీయవద్దు: బ్రేకు, క్లచ్ ఒకే డబ్బాతో నడిచే బండిలో ఆయిలు తగ్గుతూ ఉన్నప్పుడు, ఇంజను నడుస్తుండగా పెడలు తొక్కినా బండి ముందుకు పాకుతూ ఉన్నప్పుడు, హౌసింగు నుంచి ఇనుము గీకిన చప్పుడు వస్తున్నప్పుడు. రెండవదాని అపాయం ట్రాఫిక్‌లో తెలుస్తుంది. ముందు స్కూటరు ఆగింది, మీరు క్లచ్ తొక్కారు, ఇంజను మాత్రం చక్రాలను విడవలేదు. హెబ్బాళ వంతెన మీద టన్ను సరకుతో అటువంటి బండి ఆగితే మీ బాడుగ ఒక్కటే పోదు, వెనుక అంబులెన్సు కూడా నిలిచిపోవచ్చు. ఆగిపోయిన పక్షంలో హజార్డ్ దీపాలు వేసి, వెనుక తగినంత దూరంలో త్రికోణపు గుర్తు పెట్టి, 112కు ఫోను చేయండి. ఆ నంబరులో పోలీసు సహాయం అందుతుంది.

వీధిలో పని చేసేవారు తెలుసుకోవలసినవి

1988 మోటారు వాహనాల చట్టం 127వ సెక్షను ప్రకారం, బహిరంగ స్థలంలో 10 గంటలు లేదా అంతకు మించి ఎవరూ లేకుండా వదిలిన వాహనాన్ని తరలించడానికి పోలీసులు అనుమతించవచ్చు. సగం విప్పిన వాహనం రాకపోకలకు ప్రమాదంగా ఉంటే ఆ గడువు కూడా అవసరం లేదు, వెంటనే తరలించవచ్చు. తరలింపు ఖర్చు యజమానిదే. పైన చెప్పిన కదిరి ఆయన బండి రెండవసారి గేరుబాక్సు దింపినప్పుడు రోడ్డు మలుపులో ఉండింది. ఆయన మా కేంద్రానికి వచ్చిన అసలు కారణం అదే. పని ఒక్క పూటలో తీరదని తోస్తే బండిని ఖాళీ స్థలానికో గ్యారేజీకో ముందే చేర్చుకోవడం మేలు.

బండి కిందికి దూరేటప్పుడు జాకీ ఒక్కదానినే నమ్మవద్దు. ఇనుప స్టాండ్లు గాని, పగలని దళసరి చెక్క దిమ్మలు గాని చట్రం కింద పెట్టి, చక్రాలకు అడ్డు వేసి, బండిని ఊపి చూసిన తరువాతనే దూరండి. ఇటుకలు, సిమెంటు దిమ్మలు హఠాత్తుగా పగులుతాయి. గేరుబాక్సు గుండెల మీదికి దించుకొనే అలవాటు కొందరికి ఉంది, దయచేసి మానండి.

హౌసింగు లోపలి నల్లని ధూళిని గాలి పైపుతో ఊదవద్దు, నోటితో అసలే ఊదవద్దు. పాత ప్లేట్ల పూతలో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. దాని నూగు ఊపిరితిత్తులలో చేరితే ఏళ్ల తరువాత క్యాన్సరుకు దారితీస్తుంది. తడి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో కట్టి పారవేయండి. పని బట్టలతో పిల్లలను ఎత్తుకోకండి.

కారిన గేరు ఆయిలును, పాత బ్రేకు ఆయిలును వీధి కాలువలో పోయకూడదు. ఈ నగరపు వాన కాలువలు చెరువులలోకి పోతాయి. వాడిన ఆయిలు 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కిందికి వస్తుంది. మూత గట్టిగా ఉన్న డబ్బాలో పట్టి ఉంచి, వాడిన ఆయిలును అధీకృత సేకరణదారులకు అప్పగించే గ్యారేజీలో ఇవ్వండి. బ్రేకు ఆయిలును ఇంజను ఆయిలుతో కలపకుండా వేరు డబ్బాలో ఉంచాలి. ఆ డబ్బా మీద తెలుగులోనూ కన్నడంలోనూ “వాడిన ఆయిలు” అని రాసి, పిల్లలకు అందని చోట పెట్టండి. నీళ్ల సీసాలలో మాత్రం పోయకండి.

పాత ప్లేటును కొత్తది కొని తెచ్చిన నాడే తుక్కుకు వేయకండి. బండి ఒక వారం సరిగా నడిచే వరకు దాచి ఉంచండి. కొత్త సామాను తేడాగా తోచినప్పుడు రెండిటినీ పక్కపక్కన పెట్టి వెడల్పు, నడుమ పళ్ల లెక్క, స్ప్రింగు భాగం ఎత్తు పోల్చి చూడవచ్చు. దుకాణంలో మార్చుకోవలసి వస్తే బిల్లుతో పాటు చూపవలసినదీ అదే.